హన్నా అడగని ప్రశ్న

“హన్నా, నేను స్కూటరు నీడలో పెట్టొస్తా. నువ్వు లోపలికెళ్లి, చీలా పిండిలో గోధుమపిండి కలుపుతారేమో అడుగు,” అన్నాడు నాన్న దేవదాసు.

ఆదివారం. చర్చి నుంచి ముగ్గురూ నేరుగా తెలీబంధా చెరువు దగ్గర హోటల్‌కి వచ్చారు. చీలా అంటే రాయ్‌పూర్‌లో అందరూ తినే బియ్యప్పిండి అట్టు.

హన్నా వాళ్లమ్మ ప్రమీల ఆసుపత్రిలో నర్సు. ఊరందరికీ మందులిచ్చే ఆవిడకి గోధుమ పడదు! కాస్త పిండి కడుపులోకి పోయినా రెండు రోజులు మంచం దిగలేదు. డాక్టర్లు ఆ సంగతి కనిపెట్టేలోపు మనిషి చిక్కి సగమైంది. అప్పట్నించీ నాన్న కూడా ఇంట్లో రొట్టెలు మానేశాడు. ఏ హోటల్‌కెళ్లినా సరాసరి వంటగదిలోకి దూరతాడు. పిండి ఏది, పెనం ఏది, గరిటె ఏది అని ఒకటే ఆరా.

హన్నాకి అదంటే మహా సిగ్గు. పైగా మూల బల్ల దగ్గర తన క్లాసు పిల్లలిద్దరు కూర్చునున్నారు. ‘మీ నాన్న ఇన్‌స్పెక్టరా?’ అని మొన్న వెక్కిరించింది వాళ్లే.

హన్నా వంటగది గుమ్మం దాకా వెళ్లింది. పక్కనున్న కుళాయి దగ్గర చేతులు కడుక్కుని తిరిగొచ్చేసింది.

“అడిగాను నాన్నా. ఒట్టి బియ్యప్పిండేనట.”

అబద్ధం చెప్తున్నానని కూడా అనిపించలేదు ఆ పిల్లకి. చీలా అంటే బియ్యమే కదా! అడగడానికేముంది?

ముగ్గురూ చీలాలు తిని ఇంటికొచ్చారు. సాయంత్రానికల్లా అమ్మ కడుపు పట్టుకుని ముడుచుకుపోయింది. తాగిన నీళ్లు కూడా కక్కేసింది.

హన్నాకి తల తిరిగిపోయింది. అమ్మ రొట్టె ముట్టలేదు. పూరీ ముట్టలేదు. మరి గోధుమ ఎక్కణ్ణించి వచ్చింది? చట్నీలోంచా? నీళ్లలోంచా? ఎంత ఆలోచించినా అంతు చిక్కలేదు.

“తప్పు నాదే ప్రమీలా. పెనం నేను చూసుకోవాల్సింది,” అన్నాడు నాన్న, తడిగుడ్డతో అమ్మ మొహం తుడుస్తూ.

“మీదేం లేదండీ. ఇక నేను బయట ముద్ద ముట్టను. వచ్చే వారం పాల్ అన్నయ్య కూతురి పెళ్లికి మీరిద్దరూ వెళ్లిరండి.”

నెల్లాళ్లుగా ఆ పెళ్లి మాటే కలవరిస్తున్న అమ్మ! హన్నాకి ఏడుపొచ్చింది.

మర్నాడు బడి నుంచి వస్తూ హోటల్ ముందు ఆగింది. చీలాలో ఏమేస్తారో పెనం దగ్గరున్న ముసలావిణ్ణి అడిగేసింది.

“దాయీ, చీలే మే క్యా డాల్తే హో?”

“చావల్ కా ఆటా, నోనీ. గేహూఁ కా భీ, ముఠ్ఠీ భర్. నహీఁ తో టూట్ జాతా హై.”

గుప్పెడు గోధుమపిండి! అట్టు విరిగిపోకుండా వేస్తారట. ఒక్క ప్రశ్న. నిమిషం కూడా పట్టలేదు.

హన్నా ఇంటికి పరిగెత్తింది.

“నాన్నా, నీ తప్పు కాదు. నిన్న నేను అసలు అడగనేలేదు. అందరూ నవ్వుతారని...” మిగతాది వెక్కిళ్లలో కలిసిపోయింది.

అమ్మ హన్నాని మంచం మీదికి లాక్కుంది.

“అడగలేదని చెప్పుంటే పస్తున్నా ఆరోగ్యంగా ఉండేదాన్ని కదే, పిచ్చి మొహమా.”

వారం తిరిగేసరికి అమ్మ లేచి తిరుగుతోంది. కానీ పెళ్లికి రానంటే రానంది. “అమ్మా, ఈసారి నిజంగా అడుగుతా. రా అమ్మా,” అని హన్నా కొంగు పట్టుకుని వదల్లేదు. చివరికి కదిలింది.

పెళ్లి పందిట్లో నాన్న లేవబోతుంటే హన్నా ఆపింది. “నువ్వు కూర్చో నాన్నా. నేనెళ్తా.”

వంటాయన చుట్టూ అరడజను మంది పిల్లలు మూగి ఉన్నారు. వాళ్ల మధ్యలోంచి దూరి, అన్నీ అడిగింది. ఎవరో కిసుక్కున నవ్వారు. చెవులు వేడెక్కినా అక్కణ్ణించి కదల్లేదు.

తిరిగొచ్చి, అమ్మ విస్తరి ముందు వంగింది.

“అన్నం, పెరుగు తినొచ్చమ్మా. కూరలో పొడేదో వేశారట. అందులో ఏముందో ఆయనకీ తెలీదు, నాకూ తెలీదు. అది మాత్రం వద్దు.”

అమ్మ కూర వద్దంది. అన్నంలో పెరుగు కలుపుకుని, భయం లేకుండా కడుపునిండా తింది.