కొల్లేటి మట్టిలో బదనిక

“చేపలు కడిగిన నీళ్లేవే?” కనకమ్మ ఖాళీ గిన్నె పట్టుకుని పెరట్లోంచి కేకేసింది. “నా ఆనపపాదు వాడిపోతుంటే, మళ్లీ ఆ మొక్కకే పోశావా?”

“కాసినే పోశానమ్మా.”

“రోజూ కాసినే! పాదు కాస్తే కూరన్నా అవుతుంది. నీ బదనిక ఏం కాస్తుందే?”

సలోమి ఖాళీ చెంబు బోర్లించింది. ఆ బదనిక పూయడం మీదే తన పెళ్లి ఆగి ఉందని అమ్మకు తెలియనిదా?

జంగారెడ్డిగూడెం ఫారెస్టు ఆఫీసులో గుమాస్తా రాజరత్నం క్రిస్మస్‌కి దెందులూరు వచ్చి పిల్లనడిగాడు. వస్తూ అడవిలో చెట్టుకొమ్మను పట్టుకుని పెరిగే ఆ మొక్కను తెచ్చాడు. చిల్లుల కుండలో బొగ్గులు, కొబ్బరిపీచు నింపి, అందులో పెట్టాడు. దొరలు దీన్ని ఆర్కిడ్ అంటారన్నాడు.

“మట్టి లేకుండా బతికే మొక్కా, సెంటు పొలం లేకుండా బతికే అల్లుడూనా!” అని నవ్వాడు సలోమి తండ్రి బాలస్వామి. “ఈస్టరుకి ఇది మా ఇంట్లో పూస్తే చూద్దాం. లేకపోతే తాడేపల్లిగూడెం సంబంధం ఖాయం.”

నవ్వుతూ అన్నా, ఆయన అన్నమాట తప్పే మనిషి కాదు.

పూత తొందరగా రావాలని సలోమి ఆ బొగ్గులు పారబోసి, కొల్లేటి ఒండ్రుమట్టి తెప్పించి కుండ నింపింది. వరికి అంత బలమిచ్చే మట్టి పువ్వుకివ్వదా? ఆపైన పేడ, రోజూ చేపల నీళ్లు. మొదట ఆకులు నిగనిగలాడాయి. ఇప్పుడు అడుగు ఆకులు పసుపెక్కి రాలుతున్నాయి. మొగ్గ జాడే లేదు.

ఈస్టరు ముందురోజు రాజరత్నం బస్సు దిగి నేరుగా పెరట్లోకి వచ్చాడు. మొక్కను చూసి చతికిలబడ్డాడు.

“ఏవండీ, దీన్ని పాతిపెట్టారేంటండీ?”

“బలమని...”

అతను కుండ వంచి మట్టి దులిపాడు. వేళ్లు కుళ్లి చేతికొచ్చాయి. “దీని వేళ్లకు గాలాడాలండీ. ఎరువు ఎప్పుడన్నా ఓసారి, బాగా పల్చగా పోస్తే చాలు. మరీ మేపితే ఆకులేస్తుంది గానీ పూయదు. మీరు ముద్దు చేసి చంపేస్తున్నారు.”

“తిట్టడానికొచ్చారా?”

“నామీద ఇంత ఆశ పెట్టుకున్నారని తెలిస్తే, ముందే వచ్చి తిట్టేవాణ్ణి.”

మామూలప్పుడైతే ఆమె నవ్వేసేదే. “అడవిలో పూసినవి ఉంటాయిగా,” అంది గొంతు తగ్గించి. “రేపు పొద్దున్నకల్లా ఒకటి తెచ్చి ఇందులో పెట్టండి. నాన్నకు తెలియదు.”

రాజరత్నం ముఖంలో నవ్వు పోయింది. “మీ నాన్నగారి ముందు దొంగపువ్వు పెట్టి మిమ్మల్ని అడగలేనండీ.”

“అయితే తాడేపల్లిగూడెం వాళ్లతో నా పెళ్లికి వచ్చి భోంచేసి వెళ్లండి!”

అతను కుళ్లిన వేళ్లు కోసేసి, ఆమె పారబోసిన బొగ్గులే ఏరి, మిగిలిన మొక్కను వాటిలో నిలబెట్టి, మంచినీళ్లయినా తాగకుండా వెళ్లిపోయాడు.

మర్నాడు చర్చి నుంచి వచ్చి అందరూ భోజనాలకు కూర్చున్నారు.

“పూసిందా?” అడిగాడు బాలస్వామి.

సలోమి చేతిలో ముద్ద ఆగిపోయింది. “లేదు నాన్నా. మట్టిలో పెట్టి, వేళ్లు కుళ్లబెట్టింది నేనే. పూసిన మొక్క తెచ్చి మార్చేయమన్నదీ నేనే. ఆయన ఒప్పుకోలేదు.”

కనకమ్మ గరిటె గిన్నెలోనే వదిలేసింది.

“నన్ను మోసం చేయమన్నావా?” అన్నాడు బాలస్వామి.

“అన్నాను.”

“అతనేమన్నాడు?”

“మీ ముందు దొంగపువ్వు పెట్టలేనన్నారు. నేను నోరు పారేసుకున్నాను. వెళ్లిపోయారు.”

బాలస్వామి అన్నం కలుపుతూనే ఉన్నాడు. కూర ఎప్పుడో కలిసిపోయినా ఆ చెయ్యి ఆగలేదు.

“కనకం, తాడేపల్లిగూడెం వాళ్లకు వద్దని కబురు పంపుతున్నాను,” అన్నాడు చివరికి. “రేపు జంగారెడ్డిగూడెం బస్సుకి నేనే వెళ్తాను. పండగపూట అలిగి పోయిన అల్లుణ్ణి ఇంకెవరు తీసుకొస్తారు?”