సోఫా వెనక నాన్న

కోర్టు నోటీసులు పంచే కుర్రాడు మూడోసారి తలుపు కొట్టేసరికి, నాన్న మరమ్మతుకొచ్చిన పెద్ద సోఫా వెనక్కి దూరాడు.

"నాన్న లేరు," అంది కూతురు తలుపు తీసి.

ముందు గదిలో సోఫాలు బాగుచేయడం ఆయన పని, గుడ్డ కుట్టడం ఆమె పని. ఇంటి లోను వాయిదాలు తప్పాయి. నోటీసు చేతికందకపోతే బ్యాంకు ఇంటి జోలికి రాలేదని నాన్న గట్టి నమ్మకం.

"మొన్న చుట్టాలమ్మాయి పెళ్ళికెళ్ళారన్నారు. నిన్న ఆ అమ్మాయి పురిటికన్నారు."

"మా చుట్టాలు ఏదీ ఆలస్యం చెయ్యరు."

అతను నవ్వాపుకోలేక సోఫాలో కూలబడ్డాడు. స్ప్రింగులు లేని సోఫా వెనక్కి ఒరిగింది. వెనక ఎవరో మూలిగారు.

అతను వినిపించుకోనట్టే ఆమెతో అన్నాడు. "ఇవాళ తీసుకోకపోతే తలుపుకి అంటించి పోవాలి. అంటిస్తే అందినట్టే లెక్క, గడువు పరిగెడుతూనే ఉంటుంది. ఇరవై ఒక్క రోజుల్లో అభ్యంతరం చెప్పుకోవచ్చు, వాయిదాలు తగ్గించమని అడగొచ్చు. ఆ హక్కు ఇందులోనే రాసుంది. మీ నాన్నగారు దానికీ దొరక్కుండా దాక్కుంటున్నారు."

ఆమె ముఖంలో నవ్వు పోయింది. "నాన్నా, బయటికి రా."

జుట్టునిండా దూదితో నాన్న లేచాడు. "ఈ ముక్క ముందే చెప్పి చావొచ్చుగా."

"చెప్పాలంటే మీరు కనబడాలి కదండీ."

నాన్న సంతకం పెట్టాడు. అభ్యంతరం ఆమె రాసింది. విచారణలో బ్యాంకు దిగొచ్చి వాయిదాలు సగానికి తగ్గించింది. ఇల్లు నిలబడింది.

ఆ వారమే, జోరువానలో మళ్ళీ అతనే తలుపు కొట్టాడు. నాన్న అలవాటుకొద్దీ సోఫా వెనక్కి దూకాడు.

తడిసి ముద్దయినవాణ్ణి చూసి ఆమె తువ్వాలు అందించింది. "మళ్ళీ నోటీసా?"

"చేతిలో ఏం లేదు, చూసుకోండి. నేను మాటిమాటికీ మీ ఇంటికి రావడం చూసి మీ వీధి పిన్నులంతా నన్ను పెళ్ళికొడుకనే అనుకుంటున్నారు. వాళ్ళ మాట నిజం చేద్దామని వచ్చాను. మీకిష్టమైతేనే."

ఆమె తువ్వాలు వెనక్కి తీసుకోవడం మర్చిపోయింది.

సోఫా వెనక నుంచి గొంతు వినిపించింది. "అబ్బాయ్, అభ్యంతరం చెప్పడానికి నాకెన్నాళ్ళు గడువు?"

"ఇరవై ఒక్క రోజులండీ."

"మరి అమ్మాయికి?"

"నాకు గడువెందుకు నాన్నా," అంది ఆమె. "నువ్వు ముందు బయటికి రా. ఆయన కూర్చోవాలి."