వేరుమాపకం

"నువ్వంటే నాకసహ్యం! మా ఇంట్లోంచి పో!"

ఏడేళ్ల విపంచి అరుపుకి విశాఖ కొండమీది ఆ పదిహేడో అంతస్తు ఇల్లు దద్దరిల్లింది. ఎదురుగా కూర్చున్న సెరిక్ పప్పన్నం కలుపుతున్న చెయ్యి ఆపి నవ్వాడు. అందులో గుప్పెడు ఉప్పు పోసింది ఆ పిల్లే. గోడమీది వేరుమాపకం తొంభై చూపించింది. తలుపు దగ్గర నిలబడ్డ తనిఖీ అధికారి వరాహమూర్తి ఆ అంకె చూసి నిట్టూర్చాడు. తనిఖీకి భోజనాల వేళే వస్తారు. అప్పుడైతే మనుషులు ఏదీ దాచుకోలేరట!

సెరిక్ అంగారకుడి మీద పుట్టినవాడు. ఏదో చిన్న పనిమీద భూమికి వస్తే, ఆ వారంలోనే రెండు గ్రహాల పెద్దలు కొట్టుకుని ఆకాశమార్గం మూసేశారు. వాళ్లకేం, హాయిగానే ఉన్నారు. చిక్కుకుపోయినవాళ్లని మాత్రం ఇంటికొకరిని అతిథులుగా పంచేశారు. విపంచి నడక నేర్చింది సెరిక్ వేలు పట్టుకునే. 'మావయ్యా' అంటూ అతని చేతి ముద్దే తినేది. అంగారకుడి మీద అతనికీ ఒక కూతురుంది, అసెల్. తండ్రి బయల్దేరేనాటికి ఉయ్యాల్లో ఉంది.

ఇప్పుడు దారి తెరిచారు. ఊరికే తెరిస్తే పెద్దలెలా అవుతారు? అంగారకుడి మీద గాలీ నీళ్లూ కొలిచి ఇస్తారు కాబట్టి, భూమ్మీద వేళ్లూనుకోనివాళ్లే తిరిగి రావాలట. ఇంట్లో ఎవరితోనైనా వేరుమాపకం అంకె డెబ్భై దాటిందా, ప్రయాణం రద్దు!

ఆ యంత్రాన్ని కనిపెట్టింది విపంచి తల్లి, డాక్టర్ సౌదామిని. ఎదురెదురుగా ఉన్న ఇద్దరి ఊపిరినీ, నాడినీ, చెమటలోని బంధరసాయనాలనీ, అంటే హార్మోన్లనీ, పసిగట్టి వాళ్ల మధ్య బంధం నూటికి ఎంతో చెబుతుంది. మాటలతో దానికి పనిలేదు. అలవాటైన ఇంటినుంచి ఏ అతిథినీ గెంటెయ్యకూడదని ఆవిడ దాన్ని చేసింది. ప్రభుత్వం దాన్నే తెచ్చి తలుపుకి గొళ్లెంగా పెట్టింది. ఆవిడ నోరెత్తలేదు. ప్రయోగశాల ప్రభుత్వానిది కదా మరి!

నెలక్రితం ఈ నియమం విపంచి చెవిన పడింది. ఆ రోజునుంచే మావయ్య కాస్తా 'ఏయ్' అయిపోయాడు. పిల్ల తిట్టిన కొద్దీ అంకె పెరుగుతూ పోయింది.

"తొంభై. కుదరదమ్మా," అన్నాడు వరాహమూర్తి. "ఇక్కడ బాగా పాతుకుపోయాడు."

"నేను తిడుతున్నాగా! రోజూ తిడుతున్నా!" పిల్ల కాళ్లు నేలకేసి కొట్టింది. "ఉప్పు కూడా పోశా! ఇంకేం చెయ్యాలి? అసెల్ వాళ్ల నాన్నని పంపెయ్యండి!"

"ఊరుకో బంగారం," అన్నాడు సెరిక్. "తిట్టింది చాలు."

"అమ్మా, చేసింది నువ్వేగా! తప్పు చెబుతోందని చెప్పవే!" అంది విపంచి, గోడ పక్కన నిలబడ్డ తల్లితో.

వరాహమూర్తి గొంతు తగ్గించాడు. "డాక్టరుగారూ, యంత్రం చెడిపోయిందని మీరొక్క మాట అనండి, రాసుకుని పోతాను. కొలత లేనివాళ్లని ఆపమని నియమమేం లేదు. చెడిపోయిందా?"

ఒక్క మాట! పరాయివాడి కోసం ఏ పిల్లా నెలరోజులు ఏడుపు దిగమింగుకుని తిట్టదని సౌదామినికి తెలుసు. తొంభై అక్షరాలా నిజం. ఆ నిజాన్ని చూసుకుని ఆవిడకి లోలోపల గర్వంగా కూడా ఉంది.

"లేదు," అంది. "నా యంత్రం తప్పు చెప్పదు."

విపంచి ఈసారి అరవలేదు. కళ్లు తుడుచుకుని తల్లివైపు తిరిగి నిలబడింది. ఆ తల్లీకూతుళ్ల అంకె ఎప్పుడూ తొంభై ఎనిమిదే. పిల్ల తల్లి చేత చెంపదెబ్బ తిన్ననాడు కూడా తగ్గలేదు. ఇప్పుడు ఎనభై అయింది. చూస్తుండగానే అరవై.

"విపంచీ, తిట్టవే నన్ను! ఏదో ఒకటి అనవే!"

పిల్ల మావయ్య కంచం తీసుకుని, ఉప్పులేని అన్నం పెట్టడానికి వంటింట్లోకి వెళ్లింది. వెళుతూ తల్లి ముందునుంచే వెళ్లింది. నలభై.

"చెడిపోయింది!" సౌదామిని వరాహమూర్తి చెయ్యి పట్టుకుంది. "రాసుకోండి, యంత్రం చెడిపోయింది!"

వరాహమూర్తి ఆవిడని ఎగాదిగా చూసి, రాసుకున్నాడు. సెరిక్‌కి దారి దొరికింది. విపంచి అన్నం కంచంతో వంటింట్లోంచి మళ్లీ తల్లి ఎదురుగా వచ్చింది. అంకె పైకి రాలేదు.