నీళ్లలో నిలబడే కాలు

బకెట్లో వేలు ముంచి వేడి చూసింది త్రివేణి. ఇంకో చెంబు చన్నీళ్లు కలిపి, బాత్రూములో ప్లాస్టిక్ స్టూలు గోడకు ఆనించి వేసింది.

"రా అత్తమ్మా."

బాలమణి గడప దగ్గర కూర్చుని, మోకాలి కింద పెట్టుకున్న కృత్రిమ కాలు విప్పి గోడకు నిలబెట్టింది. షుగర్ ముదిరి, అల్లం చేనులో గీరుకున్న చిన్న పుండు కాలినే తీసేయించింది. కొడుకు రాకేశ్ ఫ్యాక్టరీ ఇన్సూరెన్స్ పుణ్యమా అని ఈ కాలు వచ్చింది. అయితే దీనికి నీళ్లు తగలకూడదు. అందుకే మూడేళ్లుగా రోజూ కోడలి భుజం పట్టుకుని ఒంటికాలితో లోపలికి గెంతుతుంది, కోడలు నీళ్లు పోస్తుంది.

నీళ్లలోనూ వాడుకునే ఇంకో కాలు ఉంటుందని కాలు చేసిన దవాఖానలో చెప్పారు. దానికీ ఇన్సూరెన్స్ అడగమని పట్టుబట్టింది బాలమణే. ఎందుకని త్రివేణి అడగలేదు. తను పోసే నీళ్లలో ఏం లోటు కనిపించిందో అని మాత్రం లోలోపల ముల్లులా గుచ్చుకుంటూ ఉండేది.

స్నానం అయి బయటికి వచ్చేసరికి రాకేశ్ ఫోన్ పట్టుకుని నిలబడి ఉన్నాడు. డ్యూటీ బస్సు టైమైనా కదలలేదు.

"ఇన్సూరెన్సోళ్లు కాదన్నరు. ఇప్పుడున్న కాలుతోనే అన్ని పనులు మంచిగ చేసుకుంటున్నరట. ఇంకోటి అక్కర లేదట."

"ఎవరు చెప్పిన్రు?" అంది బాలమణి.

"వాళ్ల తరఫున నిన్ను చూడనీకి మనింటికొచ్చిండు కదా మంజునాథ్ సారు, ఆయనే రాసిండు. ఇస్త్రీ చీర కట్టుకొని, కర్ర లేకుంట, నువ్వే పళ్లెంల చాయ్ తెచ్చిస్తివి. గేటు దాక సాగనంపితివి. గంత మంచిగ నడిస్తే ఇంకో కాలు ఎవరిస్తరే అమ్మా?"

"ఇంటికొచ్చిన మనిషి ముంగట కుంటాల్నారా?"

త్రివేణి తల వంచుకుంది. ఆ రోజు గచ్చు తుడిచి, స్టూలునూ కర్రనూ తలుపు వెనక దాచింది తనే. చుట్టాలొస్తే ఇల్లు ఎలా సర్దుతుందో అలాగే సర్దింది. ఆ తప్పు గుర్తొచ్చి మనసు చివుక్కుమంది. అది కాస్తా మాటై బయటపడింది.

"అయినా ఆ కాలు ఎందుకు అత్తమ్మా? నేను పోస్తలేనా నీళ్లు? మూడేండ్లల్ల ఒక్కరోజన్న తప్పిందా?"

"తప్పలే. నా బాధ గదేనే."

"అంటే?"

"మీ అమ్మోళ్ల రాయికోడ్ ఎంత దూరం? మీ అమ్మకు కండ్ల ఆపరేషనైతే పొద్దుగాల పోయి మాపటికి వచ్చినవ్. ఎందుకొచ్చినవ్? తెల్లారి నాకు తానం పొయ్యాలెనని. ఈ మూడేండ్లల్ల ఒక్క రాత్రి మీ అమ్మ పక్కన పన్నవా? నా కాలు పోయింది సరే, నీ కాళ్లెందుకు కట్టెయ్యాలె?"

త్రివేణికి ఆ సాయంత్రం కంటికి పట్టీతో అమ్మ తన కొంగు పట్టుకుని, "ఈ ఒక్కరాత్రి ఉండరాదే" అన్నది గుర్తొచ్చింది. తన కూతురికి పరీక్షలని అబద్ధం చెప్పి బస్సెక్కింది. ఇంట్లో ఎవరూ గమనించలేదనుకుంది. తడి జుట్టు తుడుచుకుంటూ కూర్చున్న ఈ మనిషి అన్నీ గమనించింది.

"నాకెందుకు చెప్పలే అత్తమ్మా?"

"చెప్తే నువ్వు ఒప్పుకుంటవా? ఏం ఫికర్ లేదంటవ్."

రాకేశ్ గొంతు సవరించుకున్నాడు. "దరఖాస్తుల ఈ ముచ్చట ఒక్కటి గూడ రాయలే మనం."

ఈసారి దరఖాస్తు త్రివేణే రాసింది. పెద్ద మాటలేవీ లేవు. 'కాలు విప్పితే మా అత్తగారు బాత్రూములో నిలబడలేరు. తడి గచ్చు మీద రెండుసార్లు జారిపడ్డారు. నేను లేకపోతే ఆమెకు స్నానం ఉండదు. మీ అధికారి వచ్చినప్పుడు స్టూలు, కర్ర తలుపు వెనక దాచింది నేనే. ఆ తప్పు నాది' అని రాసి సంతకం చేసింది.

మంజునాథ్ మళ్లీ వచ్చాడు. ఈసారి స్టూలు దాని చోట అది ఉంది. వాడుక చీరలోనే ఉన్న బాలమణి కాలు విప్పి, గోడ పట్టుకుని గెంతి చూపించింది. సిగ్గుతో ఆమె చెవులు ఎర్రబడ్డాయి. ఆయన రాయడం ఆపి, "చాలమ్మా, కూర్చోండి. ఇది అప్పుడే చూపించాల్సింది" అన్నాడు.

"చాయ్ తాగుతవా సారూ?"

"ఈసారి మీరు తేకండి. తెస్తే మళ్లీ పాత రిపోర్టే రాయాల్సొస్తది."

బాలమణి పకపకా నవ్వింది. ఆ నవ్వు విని చాలా రోజులైందని త్రివేణికి అప్పుడే తెలిసింది.

నెల దాటాక ఒప్పుకున్నట్టు ఉత్తరం వచ్చింది. రాకేశ్ దాన్ని రెండుసార్లు పైకి చదివాడు. బాలమణి రెండు చేతులూ జోడించి, ఆ కాగితం వైపే దండం పెట్టింది. తర్వాత కాలూ వచ్చింది. బూడిద రంగు, అడుగున రబ్బరు, నీళ్లు కారిపోవడానికి బెజ్జాలు.

"అందం లేదు గని అక్కరకొస్తది," అంది బాలమణి.

కొత్త కాలు అలవాటై, దవాఖాన వాళ్లు సరేనన్నాక, ఓ శనివారం పొద్దున త్రివేణి సంచి సర్దుకుంది. రెండు రాత్రులకు సరిపడా చీరలు. అయినా బాత్రూము తలుపు దగ్గరే తువ్వాలు పట్టుకుని నిలబడిపోయింది. లోపల నీళ్లు పడుతున్న చప్పుడు. మధ్యలో ఆగితే ఈమె గుండె ఆగుతోంది.

"ఏమే, అక్కడ్నే నిలబడ్డవా? బస్సు పోతది!"

"నీళ్లు మరీ వేడిగున్నయా అత్తమ్మా?"

"నా నీళ్లు నేను కలుపుకున్న. నువ్వు జర నడువ్!"

తలుపు తెరుచుకుంది. గోడకు వేసిన కడ్డీ పట్టుకుని, రెండు కాళ్ల మీద నిలబడి ఉంది బాలమణి. జుట్టు నుంచి నీళ్లు కారుతున్నాయి.

"వంటింట్ల పచ్చల్లం కట్టి పెట్టిన. మీ అమ్మకియ్యి. సోమారం దాక రాకు."

త్రివేణి వంగి ఆమె పాదాలకు మొక్కింది. ఒకటి వెచ్చగా, ఒకటి చల్లగా తగిలాయి. రెండూ తడిగానే ఉన్నాయి.