పరీక్ష అక్కర్లేదట!

తొమ్మిదైనా ముందుగదిలో సగం కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. టీచరమ్మ బోర్డు తుడిచింది. తుడిచిన బోర్డునే మళ్ళీ తుడిచింది. విదేశాల్లో చదువులకు వెళ్ళే పిల్లల్ని ఇంగ్లీషు పరీక్ష గట్టెక్కించడం ఆవిడ పని. ఒకప్పుడు చోటు చాలక పిల్లలు వీధి మెట్ల మీద కూర్చుని రాసుకునేవారు. ఇప్పుడేమో ఈగలు తోలుకోవాల్సి వస్తోంది.

"మేడమ్, రేపట్నుంచి నేను కూడా రానండీ," అంది వెనక వరస అమ్మాయి, నసుగుతూ. "నాకు పరీక్ష అక్కర్లేదట."

"ఎవరన్నారు?" అని అడిగింది గానీ, జవాబు ఆవిడకి తెలుసు.

"మీ చెల్లెలుగారేనండీ, విదేశాల్లో సీట్లిప్పించే వాళ్ళ ఆఫీసులో. స్కూల్లో ఇంగ్లీషు మార్కులు బాగుంటే కొన్ని యూనివర్సిటీలు పరీక్ష అడగవట. వాళ్ళే వీడియో కాల్లో మాట్లాడి చూసుకుంటారట. ఇవాళ పదకొండింటికి మన పిచ్చుకకి కూడా అదేగా మేడమ్?"

టీచరమ్మ చేతిలోని డస్టర్ జారి కిందపడింది.

పిచ్చుక ఆవిడ ఒక్కగానొక్క కూతురు. మూడేళ్ళ వయసులో కిచకిచమంటూ ఇల్లు హోరెత్తించేదని ఆవిడే పెట్టిన ముద్దుపేరు. ఆ మధ్య రాసిన ఇంగ్లీషు పరీక్షలో అన్నీ బాగానే చేసి, మాట్లాడాల్సిన భాగంలో మాత్రం నోరు కట్టేసినట్టు కూర్చుని వచ్చింది. మళ్ళీ రాయాలి కదా, చదువుకోవద్దూ? పొద్దున్నే సంచీ తగిలించుకుని "లైబ్రరీకమ్మా" అని వెళ్ళింది. లైబ్రరీ అట, లైబ్రరీ!

క్లాసు ముగించేసి చెప్పులు వేసుకుంటుంటే, వరండాలో ఎవరిదో కళ్ళజోడుకి స్క్రూ బిగిస్తున్న భర్త తలెత్తాడు. ఆయనకి కళ్ళద్దాల దుకాణం. దుకాణంలో మిగిలిన పని ఇంటికి తెచ్చుకుంటాడు.

"మీకు తెలుసా, తెలీదా?" అంది టీచరమ్మ.

ఆయన స్క్రూ వంక చూశాడు. అంటే తెలుసన్నమాట.

"పెరటి చెట్టు మందుకి పనికిరాదులే," అన్నాడు మెల్లగా. "అయినా నువ్వు బాధపడేది పిల్ల పరీక్ష తప్పినందుకు కాదు, మీ చెల్లెలు గట్టెక్కిస్తున్నందుకు. మొగుడు కొట్టినందుకు కాదు, తోటికోడలు నవ్వినందుకు ఏడ్చిందట వెనకటికి ఒకావిడ."

"మీ సామెతలు మీ దుకాణంలో అమ్ముకోండి!" అని గేటు ధడాలున వేసి వెళ్ళింది.

కానీ ఆ మాట ముల్లులా దిగింది. నిజమే మరి. చిన్నప్పట్నుంచీ అంతేగా! అక్క ఎక్కాల్సిన ప్రతి మెట్టూ ఆయాసపడుతూ ఎక్కేది. చెల్లెలు ఒక్క నవ్వు నవ్వితే చాలు, ఎవరో ఒకరు తలుపు తీసేవారు. ఈవిడ చేతులకి సుద్దపొడి, ఆవిడ ఆఫీసుకి ఏసీ. అదైనా భరించిందిగానీ, కడుపున పుట్టిన పిల్ల కూడా ఆ గడపే తొక్కితే ఏ తల్లి ప్రాణం ఊరుకుంటుంది చెప్పండి?

చెల్లెలి ఆఫీసు వీధి చివర, మందుల షాపు పైన. మెట్లెక్కిన టీచరమ్మ అద్దాల తలుపు దగ్గరే ఆగిపోయింది. లోపల పిచ్చుక చేతులు తిప్పుతూ, కళ్ళు తిప్పుతూ, పిన్నితో ఇంగ్లీషులో గలగలా మాట్లాడేస్తోంది. మధ్యలో పకపకా నవ్వుతోంది. ఇంట్లో ఏనాడూ నాలుగు ముక్కలు కలిపి మాట్లాడని పిల్ల!

టీచరమ్మ తలుపు తోసింది. తల్లిని చూడగానే పిల్ల మాట సగంలో తెగిపోయింది.

"ఏమే, నా క్లాసు ఖాళీ చేయించావు, సరే. నా కూతుర్ని కూడా లాక్కోవాలా?" అంది చెల్లెలితో. "ఏం దొంగ కాగితాలు పుట్టించావు దీనికి?"

చెల్లెలి మొహం ఎర్రబడింది. "దొంగ కాగితం నా గడప తొక్కదక్కా. అందరికీ పరీక్ష అక్కర్లేదని అబద్ధాలు చెప్పే ఏజెంట్లు ఉన్నారు, కాదనను. నేను మార్కులు తక్కువైన వాళ్ళని నీ దగ్గరికే పొమ్మంటాను, కావాలంటే కనుక్కో. దీనికి మార్కులున్నాయి. ఆ మార్కులు తెప్పించింది ఎవరు? నువ్వేగా!"

"మరి నాకు తెలీకుండా ఎందుకు?"

"నేనే చెప్పొద్దన్నాను," అంది పిచ్చుక, తల వంచుకుని. "అమ్మా, ఆ పరీక్షలో మాట్లాడించిన ఆయన కూడా నీలాగే కళ్ళజోడు పైనుంచి చూశాడు. ఇక అంతే. నోరు తెరిస్తే ఎక్కడ తప్పొస్తుందో అని..."

"తప్పులు దిద్దడం నేరమా? ఊళ్ళో పిల్లలందరికీ దిద్దుతున్నాను!"

"వాళ్ళు ఇంటికెళ్ళిపోతారమ్మా. నేనెక్కడికి వెళ్ళను?"

ఏమీ తోచనప్పుడు మనిషికి మొండితనమే దిక్కు. టీచరమ్మ కుర్చీ లాక్కుని కూతురికి ఎదురుగా కూర్చుంది. "సరే, మాట్లాడు. మీ పిన్ని ముందు వచ్చే మాట నా ముందు ఎందుకు రాదో నేనూ చూస్తాను."

"అక్కా, ఈ సీటు దానికి ప్రాణం. ఇది పోతే మళ్ళీ ఏడాది ఆగాలి," అంది చెల్లెలు. ఇంతలో కంప్యూటర్ మోగనే మోగింది.

తెర మీదికి నెరిసిన జుట్టు ఆవిడ ఒకరు వచ్చి, నవ్వి పలకరించి, ఈ చదువే ఎందుకు ఎంచుకున్నావని అడిగింది. పిచ్చుక నోరు తెరిచింది. కళ్ళు మాత్రం తల్లి మీదికే పోయాయి. పెదవులు కదిలాయి గానీ మాట రాలేదు. ఆవిడ మళ్ళీ అడిగింది. పిల్ల మొహం పాలిపోయింది.

చెల్లెలు అక్క వంక చూసింది.

టీచరమ్మ లేచింది. బయటికి వచ్చి, అద్దంలోంచి కనబడకుండా పక్కకి తప్పుకుని, మెట్ల దగ్గర గోడకి ఆనుకుంది. అయ్యో, నేనా? నా పిల్ల గొంతు నొక్కుతున్నది నేనా?

లోపల తడబడుతూ ఒక మాట, దాని వెనక ఇంకోటి. ఆ తర్వాత పిచ్చుక మొదలుపెట్టింది. తప్పులు దొర్లుతున్నాయి. టీచరమ్మ వేళ్ళు ఎర్ర పెన్ను కోసం వెతుక్కున్నాయి. పిడికిలి బిగించుకుంది.

"మాట రాని పిల్లలకి మాట నేర్పే చదువు ఇది," అంటోంది పిల్ల ఇంగ్లీషులో. "నోరు పెగలకపోతే ఎలా ఉంటుందో నాకు తెలుసు. మా అమ్మ చాలా మంచి టీచర్. ఆవిడ ముందు ఒక్కసారైనా తప్పు లేకుండా మాట్లాడి శభాష్ అనిపించుకోవాలని నా ఆశ. ఆ ఆశతోనే గొంతు పట్టేస్తుంది."

టీచరమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఇన్నాళ్ళూ ఎవరి మీద పడి ఏడ్చింది తను? పిన్ని దగ్గర పిల్లకి దొరికింది ప్రేమ కాదు, తప్పు మాట్లాడే చనువు. ప్రేమంతా తన దగ్గరే ఉండి, పెదవి దాటలేకపోయింది.

తలుపు తెరుచుకుంది. "సీటిచ్చేస్తారట!" అని పిచ్చుక ఎగిరి గంతేసి ముందు పిన్నినే వాటేసుకుంది. టీచరమ్మకి మళ్ళీ చురుక్కుమంది, ఎందుకు అబద్ధం! కానీ ఈసారి ఓర్చుకుంది.

పిల్ల తల్లి వైపు తిరిగింది. సంబరం కాస్తా తగ్గిపోయింది. "అమ్మా, బాగా తప్పులు మాట్లాడానా?"

"ఏమోనే. తలుపు మూసుందిగా, నాకేం వినబడలేదు."

"మరి ఆ కళ్ళేంటి?"

"ఏసీ గాలి నాకు పడదు కదా."

"మెట్ల దగ్గర ఏసీ లేదక్కా," అంది చెల్లెలు. అక్క గుడ్లురిమి చూసింది. అలా చూస్తూనే చెల్లెలి చెయ్యి పట్టుకుంది, పట్టుకుని వదల్లేదు.

"నా దగ్గరికి అందరూ కాగితాల కోసం వస్తారక్కా," అంది చెల్లెలు గొంతు తగ్గించి. "సీటొచ్చాక దండం పెట్టడానికి నీ ఇంటికే పోతారు. నాకు మాత్రం కుళ్ళు లేదనుకున్నావా?"

"ఉందా? హమ్మయ్య!" అంది టీచరమ్మ. ముగ్గురూ నవ్వారు.

మెట్లు దిగాక కూతురి సంచీ తన భుజానికి వేసుకుంది. "ఆవిడ ఇంకా ఏమేం అడిగింది? ఇంగ్లీషులోనే చెప్పు."

పిచ్చుక అనుమానంగా చూసి, మెల్లగా మొదలుపెట్టింది. మొదటి మాటలోనే ఒక తప్పు. బిక్కుబిక్కుమంటూ ఆగింది.

"ఊఁ, తర్వాత?" అంది టీచరమ్మ.

వీధి పొడుగునా పిచ్చుక కిచకిచలాడుతూనే ఉంది. ఇల్లు చేరేదాకా టీచరమ్మ ఊఁ కొడుతూనే ఉంది.