పదకొండు నిమిషాల వెలుగు

ఒక చీర ఏ క్షణాన చెత్త అవుతుంది? విశాఖలో ఇంటింటి గోడకూ ఆహుతిపెట్టె అమర్చి ఇరవై ఏళ్లయింది. ఈ ప్రశ్నకు ఇంతవరకూ ఎవరూ జవాబు చెప్పలేదు.

ఉదయం పది గంటలకు సన్యాసమ్మ పన్నెండు రోజుల మనవణ్ణి భుజాన వేసుకుని వెలుగుకేంద్రానికి వచ్చింది. బిడ్డ గుక్కపట్టి ఏడుస్తున్నాడు.

"ఈడికి నీళ్లోసి వచ్చేసరికి ఉయ్యాల్లో సీర నేదు బాబూ. మీ పెట్టె మింగేసింది. నా కూతురిది. పురిట్లోనే పోనాది. ఆ సీర సుడితేనే ఈడు పాలు తాగుతాడు. బేగి తీసియ్యి."

ప్రతి ఇంట్లోనూ వ్యర్థనేత్రం అనే కెమెరా మరకను, చిరుగును కనిపెడుతుంది. యంత్రపు ఊడ్పుచేయి ఆ వస్తువును ఆహుతిపెట్టెలో వేస్తుంది. పెట్టె దానిని కొలిమికి పంపుతుంది. కొలిమి నగరానికి దీపాలు వెలిగిస్తుంది. ఏదీ ఎక్కడా ఎవరినీ అడగదు. అడగకపోవడమే సౌకర్యమని తొలినాడే ప్రకటించారు.

కేంద్రం అధికారి గౌరీశు తెర చూశాడు. "వస్త్రం ఒకటి. పాల మరక, అంచు చిరుగు. తొమ్మిదింటికే కాలిపోయింది మామ్మా. మీ ఇంటికి పదకొండు నిమిషాల వెలుగొచ్చింది."

"పట్టపగలు వెలుగేటి సేసుకుంటాను?"

అతడు నొచ్చుకున్నాడు. "అలా అనకు. మా అమ్మ చెత్త ఏరి నన్ను పెంచింది. చెత్తగుట్ట అంటుకుంటే ఆ పొగకే పోయింది. ఇప్పుడా గుట్టా లేదు, పొగా లేదు. ఏరేవాళ్ల పిల్లలం ఇక్కడ కుర్చీల్లో కూర్చున్నాం."

"మంచిదే బాబూ. మీ అమ్మ సీర ఒక్కటైనా దాసుకున్నావా?"

గౌరీశు తెరను పక్కకు తిప్పేశాడు.

"పోనీ, ఎవురిదైనా పాతసీర ఉంటే ఇయ్యి. కొత్తగుడ్డ ఈడి ఒంటికి గరుకు."

పురిటి బిడ్డను ఉతికి ఉతికి మెత్తబడిన పాతగుడ్డలోనే చుట్టడం ఇక్కడి ఇళ్లలో తరతరాల ఆచారం. గౌరీశు ముందు తన ఇంటికి, తర్వాత ఆసుపత్రికి, ఆపైన వీధివీధికీ ఫోన్ చేశాడు. మధ్యాహ్నమైంది. పది లక్షల ఇళ్ల నగరంలో ఒక్క పాతచీర దొరకలేదు.

బిడ్డ ఏడుపు ఆగింది. పాలు తాగి కాదు, ఓపిక చచ్చి. సన్యాసమ్మ మెట్టు మెట్టుకూ వాడి ముక్కు దగ్గర వేలు పెట్టి చూసుకుంటూ దిగిపోయింది.

మీ వీధి శుభ్రంగా ఉంది. మీ దీపం వెలుగుతోంది. లేవండి. మీ ఇంటి పెట్టె మూత తెరిచి, కాలకముందే ఒక పాతచీర బయటికి తీయండి. ఆ బిడ్డకు పంపండి.