గోటి కింద ఎరుపు

రాజోలు ఆస్పత్రిలో ఆ రోజు మధ్యాహ్నమే చీకటి పడింది. బయట ముసురు. లోపల ఫినాయిలు వాసన, తడిసిన గొడుగుల వాసన. రొయ్యల చెరువులో ఆల్చిప్ప గీరుకున్న ఉదయ్ కాలు చీము పట్టి, ఆ విషం నెత్తురులోకి ఎక్కి, ఇప్పుడు మనిషే మంచాన పడ్డాడు. పసుపద్దితే సరిపోతుందన్నాడు చెరువు యజమాని. ఆయన కాలైతే కారు కాకినాడలో ఆగేది.

"బీపీ బ్రహ్మాండంగా ఉందండీ వదినా! ఇంకా ఏడుపెందుకు?" మిషన్ మీద అంకెలు చూపించేడు మరిది అంజిబాబు.

"నేను తాళి కట్టించుకున్నది ఆ అంకెలచేత కాదు," అంది లక్ష్మీతులసి.

డాక్టర్ కావ్య ఉదయ్ వేలికొసని గట్టిగా నొక్కిపట్టి వదిలేరు. తెల్లబడ్డ చోటు తెల్లగానే ఉండిపోయింది.

"బీపీని మందు నిలబెడుతోందమ్మా. వేళ్ల చివర వెంట్రుకకన్నా సన్నటి నాళాలుంటాయి. నెత్తురు అక్కడిదాకా అందట్లేదు. మూడు లెక్కపెట్టేలోగా ఎరుపు తిరిగి రావాలి. దాన్ని చూసుకునే సెలైనూ, మందూ మారుస్తున్నాను. రాకపోతే..."

 మందు మార్చి, "నొక్కి చూస్తూ ఉండండి, ఎరుపొస్తే పిలవండి," అని చెప్పి పక్క గదిలోకి వెళ్లేరు. అంజిబాబు టీకి పోయేడు.

కరెంటు పోయింది. మిషన్ ఒక్కటే బ్యాటరీ మీద కూస్తోంది.

తులసి సెల్‌ఫోన్ లైటు వేసి వేలు నొక్కింది. వదిలింది. తెలుపు. మళ్లీ నొక్కింది. తెలుపే. వేలు బురదలోంచి తీసినంత చల్లగా ఉంది.

"రా..." అని గొణిగింది. "ఎక్కడున్నా రా... నీకు దణ్ణం పెడతాను... రా..."

ముసురువేళ పేరు పెట్టకుండా పిలవకూడదంటారు అత్తగారు. ఆ మాట ఆమెకి గుర్తు రాలేదు.

మిషన్ కూత ఆగింది.

ఫినాయిలు వాసన పోయింది. పాచి వాసన... నిలవ నీళ్ల వాసన. మంచం కాళ్లవైపు కిర్రుమంది, ఎవరో కూర్చున్నట్టు. అక్కడ ఎవరూ లేరు.

మిషన్ మళ్లీ కూసింది.

గోటి కింద ఎరుపు పాకింది. తులసి నొక్కనేలేదు. పక్క వేలికి... ఆ పక్క వేలికి...

"డాక్టరమ్మా!"

కావ్య పరుగున వచ్చేరు. పది వేళ్లూ నొక్కేరు, మోకాలు నొక్కేరు. వదలడం ఆలస్యం, ఎరుపు. ఆవిడ కుర్చీలో కూలబడి, "బతికేడమ్మా మీ ఆయన," అన్నారు. కరెంటు వచ్చింది. టీ గ్లాసుతో అంజిబాబూ వచ్చేడు.

ఉదయ్ కళ్లు తెరిచేడు. ఒక్కొక్కరినీ చూసి, తులసి దగ్గర ఆగేడు. పెళ్లైన దగ్గర్నుంచీ ఆమెని 'ఒసే' అని తప్ప పిలిచి ఎరగని మనిషి, రెండు చేతులూ జోడించేడు.

"పిలిచేరు కదండీ... వచ్చేను."

అంజిబాబు పగలబడి నవ్వేడు. "ఆస్పత్రి మా అన్నయ్యకి మర్యాద నేర్పిందండోయ్!"

తులసి నవ్వలేదు. వంగి, అతని చెవిలో అడిగింది.

"నా పేరేంటి?"



"తెలీదండీ. వస్తూంటే దారిలో ఒకాయన ఎదురయ్యేడు. పీకలదాకా నీళ్లు. 'ఒసే తులసీ, ఒసే తులసీ' అని ఒకటే కేకలు..."

గొంతు తగ్గించేడు.

"ఎవరండీ తులసంటే?"